ఊసక్కాక్ ఒప్పుకున్నాడు

"ఇనాలుక్‌ని పెళ్లి చేసుకుంటున్నానండీ. ఆదివారం చర్చిలో ఆ కాస్తా కానిచ్చెయ్యండి" అన్నాడు వేటగాడు అవిగియాక్.

పాస్టర్ హెనింగ్ డెన్మార్క్ నుంచి గ్రీన్‌లాండ్‌లోని మా ఊరొచ్చి నెల కాలేదు. దిగిన మర్నాటి నుంచే మమ్మల్ని బాగుచేసే పనిలో పడ్డాడు.

"ఇనాలుకా? మొన్న సీల్ మాంసంలో మెత్తటి ముక్క తీసి, ఇది మా ఆయనకి అని దాచిందే!"

"మెత్తగా లేకపోతే ఆయనగారు ముట్టడు లెండి."

"మొగుడుండగా పెళ్లేమిటయ్యా?"

"ఊసక్కాక్ ఒప్పుకున్నాడు. నా పెళ్లాన్ని ఎవడికీ ఇవ్వనని ఒకటే మొండికేశాడు. చివరికి నా కుక్కపిల్లనిస్తే దిగొచ్చాడు."

"కుక్కపిల్లకి పెళ్లాన్ని అమ్ముకున్నాడా!"

"మంచి జాతిదండీ. దాని తల్లి నా మంచుబండికి ముందు నడిచే కుక్క."

చర్చి ఊడుస్తున్న ఆర్నాజాక్‌కి నవ్వాగలేదు. "అసలు సంగతేంటంటే పాస్టర్ గారూ..."

"నోర్ముయ్!"

చెప్పనిస్తేగా! ధ్రువ ప్రాంతాల మనుషుల మీద పెద్ద చదువే చదివొచ్చాడాయన. ఇక మమ్మల్ని అడిగి తెలుసుకునేదేముంటుంది?

"ఈ పెళ్లి చచ్చినా చెయ్యను. ముందు ఆ నీచుణ్ణి నాలుగు దులిపి వస్తాను."

పాపం అవిగియాక్! భార్య పోయాక ఒంటికాయ శొంఠికొమ్ములా బతికినవాడు. తెల్ల ఎలుగుబంటి ఎదురొచ్చినా బెదరడు గానీ, ఇనాలుక్ చెయ్యి జారిపోతుందంటే మాత్రం పాస్టర్ కోటు పట్టుకుని ఆపాడు.

"బాబ్బాబు, ఆయన్ని కోప్పడకండి. అలిగాడంటే ఇనాలుక్ నా గడప తొక్కదు."

పాస్టర్ వినలేదు. మంచు మీద పడుతూ లేస్తూ ఇనాలుక్ ఇంటికి పరుగెత్తాడు. మా ఊళ్లో ఎవరూ తలుపు తట్టరు, నేరుగా లోపలికి వెళ్తారు. ఆయన మాత్రం విరిగిపోయేలా బాదాడు.

"ఎక్కడమ్మా నీ మొగుడు?"

"మెల్లగా! ఇప్పుడే పడుకున్నారు. నిద్ర చెడితే ఇల్లు పీకి పందిరేస్తారు" అంది ఇనాలుక్.

"పెళ్లాన్ని కుక్కకి అమ్మినవాడికి నిద్రొకటా? బయటికి రమ్మను ఆ మగాణ్ణి!"

లోపల దుప్పటి కదిలింది. ఇనాలుక్ తల పట్టుకుంది. వెనకే ఆయాసపడుతూ వచ్చిన అవిగియాక్ కళ్లు మూసుకున్నాడు.

పరదా తోసుకుని, చంకలో కుక్కపిల్లతో, ముక్కు కార్చుకుంటూ బయటికొచ్చాడు ఊసక్కాక్ - ఇనాలుక్ మనవడు, ఇంకా నాలుగేళ్లు నిండలేదు గానీ, పోయిన తాత పేరు పెట్టారు గనుక మా ఊరి లెక్కలో వాడే ఆ తాత, తాత పెళ్లామూ వాడికే దక్కింది.