కోడలి కోసం ఇసుక

“ఇది వద్దు భానూ, తీస్కపో” అంది కన్నమ్మ పిడికిలి విప్పి చూపిస్తూ. ట్రాక్టర్‌లోంచి తీసిన తడి ఇసుక ఆమె అరచేతిలో ముద్దకట్టి ఉంది. “మట్టి ఎక్కువున్నది. ఎండితే బండలెక్క బిగుసుకుంటది.”

“పొద్దున తెచ్చినదాంట్ల గులకరాళ్లన్నవ్. ఇప్పుడు మట్టంటున్నవ్. ఇసుకల ఇసుక తప్ప ఇంకేం ఉండొద్దంటే ఎట్ల పెద్దమ్మా?” అన్నాడు భాను. పినపాక చుట్టుపక్కల ఊళ్లకు ఇసుక తోలేది అతనే.

“నాకు గసొంటిదే గావాలె” అంది కన్నమ్మ.

భాను నవ్వుకుంటూ ట్రాక్టర్ తిప్పుకున్నాడు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న కోడలు దుర్గకు మాత్రం నవ్వు రాలేదు. కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి, మొదటి పరీక్ష పాసైంది ఆమె. ఆ సంగతి భర్త సతీష్‌కు తప్ప ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మొన్న మణుగూరు సంతలో ఎవరో కన్నమ్మ చెవిన వేశారు. ఆ రోజు నుంచి అత్త ముభావంగా ఉంది. మర్నాడే కూలీలను పిలిచి ఇంటి వెనక పొడుగాటి గుంత తీయించడం మొదలుపెట్టింది. ఎందుకని సతీష్ అడిగితే, “నీ పెండ్లానికే” అని ఒక్క ముక్కతో సరిపెట్టింది.

“మనల్ని వేరు పెడ్తది” అంది దుర్గ, భర్తకు అన్నం వడ్డిస్తూ.

“మా అమ్మ గట్ల చెయ్యది.”

“మరి గా పునాది ఏంది?”



సాయంత్రం భాను మళ్లీ వచ్చాడు. “వాగు ఇసుక. జల్లెడ పట్టించి తెచ్చిన.”

కన్నమ్మ మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికింది. గుప్పెడు తీసి వదిలితే, నున్నటి రేణువులు వేళ్ల సందుల్లోంచి జలజలా జారిపోయాయి. ఆమె ముఖం వెలిగింది.

“పెద్దమ్మా, ముందే చెప్తున్న” అన్నాడు భాను. “గరుకు ఇసుకైతేనే సిమెంటును పట్టుకుంటది. ఇది తోటల దారులకు పోసుకోవచ్చు గానీ గోడకు పనికిరాదు. రేపు గోడ పగిలితే నన్ననొద్దు.”

“అననులే. సక్కగ గుంతల పొయ్యి.”

భాను ఇసుకంతా గుంతలో దింపి వెళ్లిపోయాడు. కన్నమ్మ పార తీసుకుని చదును చేయసాగింది. దుర్గ ఇక ఉండబట్టలేక వెళ్లి ఎదురుగా నిలబడింది.

“అత్తమ్మా, నీకు చెప్పకుండ దరఖాస్తు పెట్టుడు తప్పే. కానీ గా ఉద్యోగం నాకు గావాలె. గందుకని మమ్మల్ని వేరు పెట్టకు. నువ్వు లేని ఇంట్ల నేనుండలేను.”

కన్నమ్మ పార పక్కన పెట్టి, కోడలిని ఎగాదిగా చూసింది.

“చెప్పులు ఇడువు.”

దుర్గ అయోమయంగా విడిచింది.

“కొంగు నడుముకు చెక్కు. గా వేపచెట్టు కాడికి పోయి నిలబడు.”

దుర్గ బెరుకుబెరుకుగా వెళ్లి నిలబడింది. కన్నమ్మ గుంత అంచు నుంచి పక్కకు జరిగింది.

“ఇగ ఉరికొచ్చి ఇసుకల దూకు బిడ్డా, పోలీసు సెలక్షన్లల్ల లాంగ్‌జంప్ ఉంటదట గదా.”