చెరో కొస

విశాఖలో ఇప్పుడన్నీ ఒంటిమనిషి ఫ్లాట్లే. భోజనం గోడలోంచి వస్తుంది, కబుర్లు ఇల్లే చెబుతుంది. తలుపు తట్టే అలవాటు ఎప్పుడో పోయింది.

సన్యాసిరావు బల్లంత పొడవున్న అంతరిక్ష నౌక నమూనా చేస్తున్నాడు. కిట్‌లో వచ్చిన రెండు సగాలూ సరిగ్గా కలవకపోతే, ఆ సందుని పుట్టీతో పూడ్చి, నున్నగా అరగదీసి, రంగు వేశాడు. ఇక నౌక పేరున్న పొడవాటి స్టిక్కరుని నీళ్లలో నానబెట్టి అంటించడం మిగిలింది. నానబెట్టాక గాని తెలియలేదు, చెరో కొసా ఇద్దరు పట్టుకుంటే తప్ప అది తిన్నగా పడదని. ఆలస్యమైతే జిగురు పోతుంది.

“పాడైతే కొత్తది తెప్పిస్తాను” అంది ఇల్లు.

అతను వెళ్లి ఎదురు ఫ్లాటు తలుపు తట్టాడు.

ఒక పెద్దావిడ భయంభయంగా తెరిచింది. “ఏటయిందండీ?”

“కంగారేం లేదమ్మా. ఓ కొస పట్టుకోవాల, అంతే.”

ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి స్టిక్కరుని నౌక మీదికి జార్చారు. అక్షరాలు తిన్నగా కూర్చున్నాయి. సన్యాసిరావు ఇంట్లో మరో మనిషి నిలబడి ఎన్నేళ్లయిందో!

ఆవిడ గుమ్మం దాకా వెళ్లి ఆగింది. “అవతలి పక్క పేరుండదేటండీ?”

“ఉంటాదమ్మా. ఇంకో స్టిక్కరుంది.”

“అయితే రేపు నేనొచ్చేదాకా దాన్ని నీళ్లలో ఎయ్యకండి.”