హెడ్మాస్టరు గారి ఫోనులో క్వయర్

"ముందు దాన్ని ఆపించండి!" అని అరిచాడు హెడ్మాస్టరు సుబ్రహ్మణ్యం. మూతికి ఆక్సిజన్ మాస్కు ఉండటంతో ఆ అరుపు దూడ అంబా అన్నట్టు వినిపించింది.

"దేన్ని సార్?" అంది సువర్ణ సిస్టర్, పీపీఈ కిట్టులో ఉడికిపోతూ.

ఆయన రెండు మంచాల మధ్య స్టూలు మీదున్న తన ఫోను వైపు వేలు చూపించాడు. తన బడిలోని మేరీ టీచర్ చేసింది కదా, స్కూలు పనేమోనని ఎత్తి స్పీకరు నొక్కాడు. అంతే, పది గొంతులు వార్డు మీద పడ్డాయి. ఊడ్పుల పాట. సగం మంది చరణంలోకి వెళ్లిపోతే మిగతావాళ్లు సిగ్నలు అందక ఇంకా పల్లవిలోనే ఉన్నారు. ఎవరింట్లోనో కుక్కరు కూత పెట్టింది. అది మాత్రం తాళానికి సరిగ్గా పడింది.

"మన స్కూలు క్వయరే సార్. బడి మూసేశారుగా, ఎవరిళ్లలోంచి వాళ్లు పాడుతున్నారు," అంది సువర్ణ. ఆమె కూతురు నవ్య ఆ బడిలోనే తొమ్మిదో తరగతి. క్వయర్‌లో ముందు వరస.

సుబ్రహ్మణ్యానికి కుట్ర అర్థమైపోయింది. కిందటేడు క్వయర్ పీరియడ్ ఎత్తేసి దాన్ని లెక్కలకిచ్చింది ఆయనే. గొంతులు చించుకుంటే టెన్తులో మార్కులు రాలవని ప్రేయర్‌లో మైకు పట్టుకుని మరీ చెప్పాడు. ఇప్పుడు బందరు ఆసుపత్రిలో, పారిపోవడానికి వీల్లేకుండా, మూతికి మాస్కుతో దొరికాడు. పిల్లలు కసి తీర్చుకుంటున్నారు.

కట్ చేద్దామని చెయ్యి చాపేసరికి ఆయాసం వచ్చింది.

"ఉండనివ్వండి బాబూ, కమ్మగా ఉంది," అన్నాడు పక్క మంచం మీది రత్తయ్య. నాగాయలంక నుంచి వచ్చి, ఆ బడి గేటు దగ్గరే పుల్లఐసులు అమ్ముకునే మనిషి. మాస్కులో పోల్చుకోలేక, ఎవరో పెద్దాయననుకుని, చేరిన రోజు హెడ్మాస్టరే అతనికి నమస్కారం కూడా పెట్టేశాడు. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

రెండో పాట మొదలైంది. బోర్లా పడుకుంటే ఊపిరి బాగా అందుతుందని పొద్దున్నుంచీ సువర్ణ బతిమాలుతోంది. "హెడ్మాస్టర్ని పట్టుకుని బోర్లా పడుకోమంటావా?" అని వెల్లకిలా బిగుసుకున్న ఆయన, ఇప్పుడు గిరుక్కున బోర్లా తిరిగి రెండు చెవులూ మూసుకున్నాడు.

సువర్ణ ఆయన వేలికి ఆక్సీమీటరు తగిలించి చూసింది. కాసేపాగి మళ్లీ చూసింది.

"సార్, పెరిగింది! మీకు పాట పడింది!"

ఆ మాట డాక్టరు దాకా వెళ్లింది. ఆ పాటలు ఆపొద్దన్నాడాయన. ఇక రోజూ సాయంత్రం మేరీ టీచర్ ఫోను, పిల్లల గోల, హెడ్మాస్టరు బోర్లా.

నాలుగు రోజులు పోయేసరికి సుబ్రహ్మణ్యానికి అనుమానం వచ్చింది. కసి అయితే ఒకరోజు ఉంటుంది, రెండు రోజులుంటుంది. రోజూ వేళ తప్పకుండా ఎవరు తీర్చుకుంటారు? ఇది కసి కాదు, అభిమానం! తిట్టినా కొట్టినా గురువు గురువే!

ఆ రోజు నుంచి ఫోను వచ్చే వేళకి తల దువ్వుకోవడం మొదలుపెట్టాడు. అవతలివాళ్లకి కనిపించదని సువర్ణ చెప్పినా వినలేదు. "మా పిల్లలండీ. నేనంటే ప్రాణం," అని రౌండ్సుకొచ్చిన డాక్టరుకి మాస్కు ఎత్తి మరీ చెప్పాడు.

"ఆ పడవ పాట ఇంకోసారి పాడమనండి బాబూ," అనేవాడు రత్తయ్య.

"నా కోసం పాడుతుంటే నువ్వు ఆర్డర్లు వేస్తావేంటయ్యా?" అని విసుక్కునేవాడు సుబ్రహ్మణ్యం. రత్తయ్య అడిగింది ఫోనులో వినబడగానే పిల్లలు పడవ పాట అందుకునేవాళ్లు. మర్యాద తెలిసిన పిల్లలు, అంతా తన పెంపకం అనుకుని మురిసిపోయేవాడు.

ఒకరోజు రత్తయ్యకి ఆయాసం ముదిరింది. ఏ పాటా అడగలేదు. కళ్లు తెరవలేదు. సువర్ణ గబగబా సిలిండరు మార్చింది. ఆవేళ పిల్లలు ఎంతకీ ఆపలేదు. గొంతులు బొంగురుపోయినా పాడుతూనే ఉన్నారు. చివరికెప్పుడో రత్తయ్య వేలు మంచం ఇనప కమ్మీ మీద మెల్లిగా దరువేసింది. సుబ్రహ్మణ్యం దుప్పటితో కళ్లు తుడుచుకున్నాడు. ఎందుకో తనకే తెలియలేదు. బహుశా తన మీద పిల్లలకున్న ప్రేమ చూసే అయ్యుంటుందని సరిపెట్టుకున్నాడు.

ఆ తర్వాత రత్తయ్య నెమ్మదిగా కోలుకోసాగాడు. సుబ్రహ్మణ్యానికి మాస్కు తీసేశారు. మర్నాడే ఇంటికి వెళ్లొచ్చని డాక్టరు చెప్పాడు.

సాయంత్రం ఫోను రాగానే ఆయన పాట మొదలెట్టనివ్వలేదు. దిండుకి ఆనుకుని కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.

"పిల్లలూ! మేరీ టీచర్ గారూ! నేను రేపు డిశ్చార్జ్ అవుతున్నాను. మీ పాటే నన్ను బతికించింది. మీ గురించి తప్పుగా అనుకున్నాను. బడి తెరిచిన రోజే మీ క్వయర్ పీరియడ్ మీకిచ్చేస్తాను. ఒకటి కాదు, వారానికి రెండు! ఇది నా మాట!"

అవతల గుసగుసలు వినిపించాయి. సంతోషం పట్టలేకపోతున్నారు పాపం అనుకున్నాడు.

అంతలో నవ్య గొంతు వినబడింది. "థాంక్యూ సార్. ఇంకొక్క రిక్వెస్టు సార్."

"అడుగమ్మా, మొహమాటపడకు!"

"మీరు ఇంటికెళ్లేటప్పుడు ఫోను అక్కడే ఉంచేసి వెళ్తారా సార్? ఐసు తాతకి ఫోను లేదు, మేం రోజూ పాడేది ఆయనకే."