కన్నియమ్మ బీడు

“నువ్వే చెప్పు పాపా. రెండేండ్లుగా ఆ బీడులో ఒంటిగా కూర్చుంటా ఉండావు. ఒక్కనాడన్నా దయ్యం కనిపించిందా?” అని అడిగాడు ధనకోటి.

మునిలక్ష్మి తలెత్తి గట్టు వైపు చూసింది. అక్కడ బాడుగ ట్రాక్టరు ఆగి ఉంది. దాని పక్కన డ్రైవరు గోపాలన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పళ్ళిపట్టు నుంచి హుషారుగా వచ్చినవాడే, దున్నాల్సిన నేల పేరు వినగానే “నాన్ మాట్టేన్” అని ఇంజను ఆపేశాడు. తాను దున్నడట. కూలీలంతా అతని వెనక చేరారు.

అది కన్నియమ్మ బీడు. ధనకోటి పసివాడుగా ఉన్నప్పుడు అతని అక్క కన్నియమ్మ ఏటి వరదలో పోయింది. శవం దొరకలేదు. తండ్రి ఆమె చీరనూ గాజులనూ పొలం మూల పూడ్చిపెట్టాడు. అప్పటినుంచి ఆ మూలకు నాగలి పోలేదు, మందు కొట్టలేదు, మేకను కూడా తోలలేదు. పోయిన ఏడు తండ్రి కన్నుమూశాక పొలం ధనకోటి చేతికి వచ్చింది.

మునిలక్ష్మికి కావలసింది సరిగ్గా అలాంటి నేలే. ఆమె మదరాసులో డాక్టరేటు చేస్తోంది. పంటపొలాల్లో ఏ పురుగు ఏ పువ్వు మీద వాలుతుంది, ఆ పురుగు లేకపోతే కాయ ఏమవుతుంది అన్నది ఆమె పరిశోధన. తిరుత్తణిలో గది తీసుకుని రోజూ బస్సులో వచ్చేది. “పొలం పని చూసుకో, ఎవరింటి సంగతుల్లోనూ తల దూర్చకు” అని బయల్దేరే ముందు తల్లి ఒట్టు వేయించుకుంది కూడా.

అది డెబ్బై తొమ్మిదో సంవత్సరం. చుట్టుపక్కల వంగతోటల్లో, గుమ్మడి మడుల్లో ఎండ్రిన్ పురుగుమందు వాసన తప్ప ఈగ కూడా లేదు. ఈ బీడులో మాత్రం తంగేడు, తుమ్మి, వావిలి విరగబూసి, తేనెటీగలూ తుమ్మెదలూ చెవులు హోరెత్తేలా తిరిగేవి. ఇలాంటి చోటు ఆమెకు ఇంకెక్కడా దొరకలేదు. మరొక్క పూత చూస్తేగాని పట్టా రాదని ప్రొఫెసరు తేల్చి చెప్పాడు. చదువుకున్న పిల్ల దయ్యం దయతో డాక్టరవుతోందని ఊళ్లో నవ్వుకునేవారు. వాళ్లన్నదాంట్లో తప్పేమీ లేదు.

“మామా, ఈ ఒక్క పూత కానీ,” అంది మునిలక్ష్మి. “నీ గుమ్మడికి కాయ నిలిచేది ఈ బీడు పురుగుల వల్లనే. అవతలి మడుల్లో పిందెలన్నీ రాలిపోతా ఉండాయి, చూడు.”

“ఇంక గుమ్మడి ఎవురు పెడతారు? చెరుకు వేస్తా ఉండా. చెరుకుకు నీ పురుగులు అక్కర్లేదు గదా?”

అక్కర్లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

“ఈళ్లు నా మాట ఇనరు పాపా. చదువుకున్నదానివి, నీ మాట ఇంటారు. దయ్యం ఉందా, లేదా?”

ఉందంటే చాలు. ట్రాక్టరు వెనక్కి పోతుంది, పూత వస్తుంది, పట్టా వస్తుంది. సాయంత్రం పూట పొదల్లో ఎవరో ఆడమనిషి కదిలిందని కూలీలు చెప్పుకునేదంతా తనను చూసేనని మునిలక్ష్మికి తెలుసు. ఆ పుకారును ఆమె ఏనాడూ సరిదిద్దలేదు.

ఇంతలో ధనకోటి తల్లి మునెమ్మ వచ్చింది. ప్రతి అమావాస్యకూ వచ్చినట్టే వచ్చి, ట్రాక్టరు వైపైనా చూడకుండా బీడు అంచున ఆకు పరిచి అన్నం పెట్టింది. చెంబులో నీళ్లు నేల మీద పోసింది.

“అవ్వా, ఇంత ఎండలో ఎందుకొచ్చినావు?” అని మునిలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుంది.

“దానికి దప్పిక పాపా. నీళ్లల్లో పోయినోళ్లకు దప్పిక తీరదంట. రాత్రంతా గడప కాడ మూలగతానే ఉంది.” ముసలమ్మ గొంతు తగ్గించింది. “నా మాదిరే ముని సామి పేరు పెట్టుకోనుండావు, నిన్ను అది ఏమీ చెయ్యదు. నీతో ఏమన్నా చెప్పిందా?”

“ఏం చెప్పాల అవ్వా?”

“నా మీద కోపం పోయిందని. ఎవురో నేతపిల్లోణ్ణే కట్టుకుంటానని మొండికేసింది. ఏట్లో పడి చావు పో అంటిని. నా నోటితోనే అంటిని. ఆ సాయంత్రం కడవ తీసుకోని పోయింది. మళ్లా రాలేదు.”

రెండేళ్లుగా ఈ ముసలమ్మ నీళ్లు పొయ్యడం చూస్తూనే పక్కన కూర్చుని తుమ్మెదల లెక్క రాసుకున్నందుకు మునిలక్ష్మికి తన మీద తనకే అసహ్యం వేసింది.

“అమ్మా, నువ్వు లే,” అన్నాడు ధనకోటి. “పాపను చెప్పనీ.”

“దున్నితే అది యాడికి పోతుందిరా? దానికి ఇల్లంటే ఇదే గదా.”

బీడులో తంగేడు మొగ్గ తొడిగి ఉంది. నాలుగు చినుకులు పడితే పూసేస్తుంది. మునిలక్ష్మికి ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

“దయ్యం లేదు మామా,” అంది. “ఎప్పుడూ లేదు. ఈళ్లు చూసింది నన్నే. దున్నుకో.”

గోపాలన్ కాసేపు ఆమె ముఖంలోకి చూసి, ట్రాక్టరెక్కి ఇంజను తిప్పాడు. ఆ చప్పుడుకు తేనెటీగలు వావిలి పూల మీద నుంచి లేచాయి.

మునెమ్మ ఆమె చెయ్యి వదల్లేదు. “లేదంటే ఎట్ల పాపా? ఈడ లేకపోతే నా బిడ్డ యాడుంది?”

మునిలక్ష్మి ఆమె పక్కన మట్టిలో కూర్చుంది.

“కంచిలో ఉందవ్వా, మా అమ్మ.”