వాగుకు అడ్డం పడుకున్న గేదె

కొండల నడుమ ఒక వాగు ఉండేది. మనుషులు దాన్ని కాలవలా తిన్నగా తవ్వేశాక నీళ్లు ఎక్కడా ఆగకుండా పరుగెత్తిపోయేవి. పక్కనున్న చిత్తడి నేల బీటలు వారింది. చేపలు దొరక్క అక్కడుండే ఓ కొంగ వలసపోదామనుకుంది.

అంతలో ఓ గేదె వచ్చి వాగుకు అడ్డంగా పడుకుంది.

"ఒసే బద్ధకపుదానా, లే! ఉన్న కాసిని నీళ్లూ బురద చేస్తున్నావు!" అని కొంగ కస్సుమంది.

గేదె చెవి కూడా ఆడించలేదు. దాని వెనక నీళ్లు నిలిచి, గట్టు పొర్లి, బీటల్లోకి దిగాయి. మట్టిలో నిద్రపోతున్న కప్పలు బెకబెకమంటూ లేచాయి. చేపపిల్లలు తళుక్కుమన్నాయి.

సాయంత్రం ఆకలేసి గేదె లేవబోయింది.

"అయ్యయ్యో, లేవకక్కా!" అంటూ కొంగ ఎగిరిపోయి, ముక్కున ఒక్క గడ్డిపరక పట్టుకొచ్చింది. "నువ్వు పడుకో, నేను తెచ్చిపెడతా."

గేదె ఆ పరక నములుతూ నవ్వింది.

"ఇలా తెస్తే నా కడుపు నిండేలోపు లోయంతా నీళ్లతో నిండుతుందే!"