తిరుగు తీగ

“తలుపు తియ్యరా దొంగా!”

మొదటి అంతస్తులో కుబానిచ్ తలుపు మీద జూరాకాన్ టీచరు చేతికర్రతో దబదబా బాదుతోంది. ఆమె వెనక మెట్ల నిండా జనం. అందరికంటే ముందు తుర్సునాయ్, కుడిచేతిని గుడ్డతో మెడకి వేలాడదీసుకుని నిలబడింది. నిన్న పొద్దున రెండో అంతస్తులో తన వంటింటి కుళాయి తిప్పబోయి, షాకు కొట్టి ఎగిరి అవతల పడింది. ఆ వేళ్లు ఇంకా ముడుచుకోవడం లేదు. ఉన్ని తివాచీలు కుట్టి బతికే మనిషికి వేళ్లు పోతే ఇంకేం మిగులుతుంది?

కుబానిచ్ తలుపు తీశాడు. భుజం మీద మూడు నెలల పాప.

“మెల్లగా ఎజె, ఇప్పుడే కళ్లు మూసింది.”

“కుళాయి పైపుకి తీగ కట్టింది నువ్వేగా?”

“ఏ తీగ?”

“ఏమీ ఎరగనట్టు అడుగుతాడు చూడు!”

టీచరు జనం వైపు తిరిగింది. ఆ మెట్ల మీద ఉన్నవాళ్లలో సగం మందికి ఆమే బళ్లో ఫిజిక్స్ చెప్పింది. అందుకే కిర్గిజ్ కొండల్లోని నరిన్‌లో ఆ భవనం మొత్తానికి ఆమె ఎజె, అంటే అక్క. ముప్పై ఏళ్ల అలవాటు, ఊరికే పోతుందా? కర్ర ఎత్తి పాఠం మొదలుపెట్టింది.

“కరెంటు ఒక తీగలో వస్తుంది, ఇంకో తీగలో వెనక్కి పోతుంది. రాకా పోకా రెండూ ఉంటేనే వలయం. దొంగవెధవలు ఏం చేస్తారు? మీటరు గుండా పోవాల్సిన తిరుగు తీగని నీళ్ల పైపుకి కడతారు. పొయ్యి కాలుతుంది, మీటరు నిద్రపోతుంది. అక్టోబరులో కింద తుప్పు పట్టిన ఇనుప పైపు తీసేసి ప్లాస్టిక్‌ది వేశారా? ఇక ఆ కరెంటుకి భూమిలోకి దారి లేదు. పైపులోనే కూచుని ఉంటుంది, ఎవరు ముట్టుకుంటే వాళ్ల ఒంట్లోంచి పోదామని.”

“అదంతా నాకేం తెలుసు ఎజె? కరెంటు పాఠంలో అయిదుకి రెండు వేసింది మీరే కదా!”

జనం నవ్వారు. తుర్సునాయ్ నవ్వలేదు.

“రెండు మార్కుల బుర్రకే ఇలాంటి పాడుపనులు తోస్తాయి. నువ్వు ఈ ఇంట్లో దిగింది అక్టోబరులో. షాకులు మొదలైంది అక్టోబరులో. నా హీటరు ఎర్రబడడం మానేసిందీ అప్పుడే. మా కరెంటు కూడా నువ్వే మింగుతున్నావు!”

“నా మీటరు చూసుకోండి, గిరగిరా తిరుగుతోంది.”

“నాది చూడు, నత్తలా నడుస్తుంది. మా ఆయన పోయేముందు హీటరు తన చేత్తో బాగుచేసి, ‘ఇక నీకు మీటరు బాధ లేదే’ అన్నాడు. అదీ పనిమంతుడంటే! నిజాయితీగా బతికితే మీటరు కూడా మర్యాదగా తిరుగుతుంది.”

కరెంటాఫీసు నుంచి వచ్చిన బైషెన్ కుబానిచ్ మీటరుకేసి చూసి బుర్ర గోక్కున్నాడు.

“తిరుగుతూనే ఉంది ఎజె.”

“ఒక పొయ్యికి తిరుగుతుంది, ఇంకోదానికి తిరగదు. నాకు పాఠం చెప్పకు. వీడింటికొచ్చే కరెంటు తీగ కొయ్యి.”

“నా చెయ్యి చూడు బైషెన్,” అంది తుర్సునాయ్.

బైషెన్ కోసేశాడు. బయట సున్నాకి ముప్పై కింద చలి. కుబానిచ్ పెళ్లాం పాపని బొంతలో చుట్టుకుని పుట్టింటికి బయల్దేరింది. మెట్లు దిగుతుంటే ఎవరూ పక్కకి తప్పుకోలేదు. ఆమే గోడకి ఒదిగి దిగింది.

“పాపకి దగ్గు ఎజె,” అన్నాడు కుబానిచ్.

“తుర్సునాయ్ వేళ్లకి దగ్గు కాదురా.”

బైషెన్ పైకి వెళ్లి తుర్సునాయ్ కుళాయికి టెస్టరు ఆనించాడు. చిన్న దీపం ఎర్రగా వెలిగింది.

“ఇంకా ఉంది!” అని అరిచాడు.

మెట్ల మీద జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీచరు మాత్రం తొణకలేదు.

“అయితే ఒక్కో ఇల్లూ ఆపి చూద్దాం. పాఠం అందరికీ ఒక్కటే. కావాలంటే నాదీ ఆపుతా.”

ఒక్కొక్కరే వెళ్లి మెయిన్ స్విచ్ దించి వచ్చారు. ప్రతిసారీ తుర్సునాయ్ వంటింట్లోంచి బైషెన్ “వెలుగుతోంది!” అని కేకేస్తూనే ఉన్నాడు. చివరికి టీచరు ఇల్లొక్కటే మిగిలింది. మాట అన్నాక తప్పదు కదా, కర్ర ఊనుకుంటూ మూడో అంతస్తు ఎక్కింది. ముందు ఎర్రబడని ఆ హీటరు ప్లగ్గు తీసి, తరవాత మెయిన్ దించుదామనుకుంది.

ప్లగ్గు అందక హీటరుని ముందుకి లాగింది. వెనక ఒక నల్ల తీగ. గోడవారగా వంటింట్లోకి పాకి, కుళాయి పైపుకి చుట్టుకుని ఉంది. చుట్టు మీద నీలం గుడ్డ పేలిక, పొందిగ్గా ముడి వేసి ఉంది. ఆ పేలిక ఆమె భర్త పాత చొక్కాది.

ప్లగ్గు పీకింది.

“ఆరిపోయింది!” కింద బైషెన్ గొంతు. “దొరికాడు ఎజె, దొంగ దొరికాడు!”

ఆమె నేల మీద కూలబడింది. ఏదీ ఊరికే రాదని ముప్పై ఏళ్లు పిల్లలకి చెప్పిన మనిషి, మీటరు తిరక్కుండా ఇన్నాళ్లూ ఇంట్లో అంత వేడి ఎక్కణ్ణించి వచ్చిందని ఒక్కసారైనా అడగలేదు. చచ్చినవాడి మీద కోపం వచ్చింది. మెట్ల మీద ఉన్నవాళ్లకి ఇక ఏ మొహం చూపించాలి? పేలిక విప్పి కోటు జేబులో కుక్కుకుంది. తీగని బలంగా లాగి చేతికి చుట్టుకుని బయటికి వచ్చింది.

అందరూ తలెత్తి చూస్తున్నారు. అందరికంటే ఆశగా చూస్తున్నవాడు కుబానిచ్.

“ఎవరిది ఎజె?” అన్నాడు.

ఆమె తీగ పైకెత్తి చూపించింది. చూపు మాత్రం బైషెన్ మీదే ఉంచింది.

“మెట్ల దీపం తీగకి కలిపి, పైన దాచాడు, అందుకే వాడింట్లో కోసినా ఆగలేదు,” అంది. “వాడికి నేను రెండు ఊరికే వెయ్యలేదు.”