వెంటాడే ఉద్దేశం లేదు

తలుపు చప్పుడైతే చాలు, లిఫ్ట్ మెకానిక్ గుండె గుభేలుమంటోంది. మూతబడ్డ లాడ్జి పై అంతస్తులో అతన్ని దాచిపెట్టి నెల దాటింది. గోడ మీది బల్లితో తప్ప మాట్లాడే దిక్కు లేదు.

తను బాగుచేస్తున్న లిఫ్టు గోతిలోకి బిల్డింగు యజమాని తన భాగస్వామినే తోసెయ్యడం అతను కళ్లారా చూశాడు మరి! చూసినవాడు అతనొక్కడే. ఆ మాట రేపు కోర్టులో చెప్పేస్తే పీడ విరగడవుతుంది. పెళ్లాం పిల్లల దగ్గరికి పోవచ్చు.

"నేనే, తమ్ముడూ!"

సర్కారు వకీలు గొంతు. మెకానిక్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. సాక్ష్యానికి ఒప్పించిందీ, ఇక్కడికి చేర్చిందీ ఆయనే. వకీలు లోపలికొచ్చి, తనే గడియ పెట్టి, తీరిగ్గా కూర్చున్నాడు. ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాడు.

"బయట కానిస్టేబుళ్లు లేరేంటి సార్?"

"పంపించేశాను. ఇంక కాపలా దేనికి? పొద్దున్నే కేసు ఆపించేశాను."

మెకానిక్ టీ పక్కన పెట్టేశాడు. "అదేంటి సార్! రేపు నా సాక్ష్యం ఉందిగా!"

"నాలీ ప్రాసిక్వై అని పాత లాటిన్ మాటొకటుంది. వెంటాడే ఉద్దేశం మాకు లేదని దానర్థం. వెనకటికి రాజుగారి వకీలు లేచి ఆ ముక్క అన్నాడంటే, విచారణ అక్కడికక్కడే ఆగిపోయేది. ఇవాళ నేనూ అదే అన్నాను."

"అంటే ఆ హంతకుడు దర్జాగా తిరుగుతాడా? చచ్చిపోయినాయన భార్యకి ఏ మొహం పెట్టుకుని చెబుతాం సార్?" మెకానిక్‌కి ఏడుపొక్కటే తక్కువ.

"ఆవేశపడకు. ముందు టీ తాగు. మీ ఇంటికి కబురు చెయ్యాలిగా, నువ్విక్కడున్నట్టు వాళ్లకి తెలుసా?"

"ఎవ్వరికీ తెలీదు సార్. చెప్పొద్దని మీరేగా ఒట్టేయించుకున్నారు."

"మంచిపని చేశావు."

మెకానిక్ కోపాన్ని దిగమింగుతూ టీ గటగటా తాగేశాడు. అయినా మనసు ఒప్పుకోలేదు.

"ఊరికే ఆపేస్తానంటే జడ్జిగారు ఎలా ఒప్పుకున్నారు సార్?"

"ఊరికే ఎవరొప్పుకుంటారయ్యా? గట్టి కారణం చెప్పమన్నారు."

"ఏం చెప్పారు?"

"ఉన్న ఒక్క సాక్షీ నిన్న రాత్రే చనిపోయాడని చెప్పాను, తమ్ముడూ."